పనిమనిషి నుంచి ఇంటిమనిషి దాకా: ఆయాల ప్రేమకథల్లో జీతం సంగతి

పెద్ద బంగళా. గేటు బయట చేతిలో సూట్‌కేసుతో ఒక అమ్మాయి. లోపల తల్లి లేని ముగ్గురో నలుగురో పిల్లలు. అప్పటికే ఇద్దరు ముగ్గురు ఆయాలను నిలవనివ్వకుండా పంపించేశారు. పిల్లల మొహం చూస్తే పోయిన భార్య గుర్తొస్తుందని పనిలో తలదాచుకునే తండ్రి. అన్నీ గమనిస్తూ పైకి ఏమీ అనని వంటమనిషి. ఇంత చూపిస్తే చాలు, మిగతా కథ మనమే చెప్పేస్తాం. ఆ అమ్మాయి ముందు పిల్లలకు దగ్గరవుతుంది, తర్వాత తండ్రికి, ఆఖర్న పెళ్ళి. ముగింపు ముందే తెలిసినా జనం ఈ కథని దాదాపు మూడు వందల ఏళ్ళుగా రకరకాల రూపాల్లో చదువుతున్నారు, చూస్తున్నారు. నాకూ చాలా ఇష్టమైన కథ. ఇష్టం కాబట్టే ఇందులో ఉన్న ఒక చిక్కుముడిని విప్పి చూడాలనిపించింది.

వాళ్ళిద్దరి మధ్య జీతం ఉంది. ముడి అదే. నెల తిరిగేసరికి ఒకరు ఇస్తారు, ఇంకొకరు పుచ్చుకుంటారు. పైగా ఆమె ఉండేది ఆ ఇంట్లోనే. ఆయనకి ‘కాదు’ అని చెప్తే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. తినే తిండి, పడుకునే గది, తనకి అలవాటైన పిల్లలు, అన్నీ ఒక్క రోజులో పోతాయి. ‘కాదు’ అనడానికి ఇంత ఖరీదు ఉన్నప్పుడు, ఆమె చెప్పే ‘సరే’ మనసులోంచి వచ్చిందని ఎలా నమ్మాలి? తెలుగులో పనిమనిషి, ఇంటిమనిషి అని రెండు మాటలున్నాయి. ఈ కథలన్నీ మొదటి మాట దగ్గర మొదలై రెండో మాట దగ్గర ఆగుతాయి. ఆ రెండిటి మధ్య జీతాన్ని ఏం చేశారన్నదాన్ని బట్టే మంచి కథేదో, చుట్టేసిన కథేదో తెలుస్తుంది.

ఈ ముడి కొత్తది కాదు. 1740లో శామ్యూల్ రిచర్డ్‌సన్ అనే ఇంగ్లిష్ రచయిత ‘పమేలా’ అనే నవల రాశాడు. పమేలా పదిహేనేళ్ళ పనిపిల్ల. యజమానురాలు చనిపోయాక ఆవిడ కొడుకు ఈ పిల్ల వెంట పడతాడు, బెదిరిస్తాడు, దూరంగా ఉన్న ఇంకో ఇంట్లో బంధిస్తాడు కూడా. ఆమె లొంగదు. ఆమె రాసుకున్న ఉత్తరాలు, డైరీ చదివి చివరికి అతను మారతాడు, పెళ్ళి చేసుకుంటాడు. నవల విపరీతంగా అమ్ముడుపోయింది. మరుసటి ఏడాదే, 1741లో, హెన్రీ ఫీల్డింగ్ దానికి ‘షామెలా’ అనే పేరడీ రాశాడు. అందులో ఆ పిల్ల అమాయకురాలు కాదు, డబ్బున్నవాడికి వల వేసిన జాణ.

ఈ రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెడితే ఈ తరహా కథకి పుట్టుకతోనే అంటుకున్న రెండు అనుమానాలు కనిపిస్తాయి. ఒకటి, యజమాని తన అధికారాన్ని వాడుకుంటున్నాడేమో. రెండోది, పనిపిల్ల ఆస్తి కోసం నటిస్తోందేమో. తర్వాత వచ్చిన ప్రతి ఆయా ప్రేమకథా ఈ రెండు అనుమానాల్నీ తుడవడానికే సగం శ్రమ పెట్టింది. మనకి పాత చింతకాయ పచ్చడిలా అనిపించే సన్నివేశాలు చాలావరకు అందుకోసం వచ్చినవే. తల్లి ముందే చనిపోయి ఉంటుంది. ఎవరి కాపురమూ కూలకూడదు కాబట్టి. తండ్రి బిగుసుకుపోయిన మనిషి. ఇలాంటివాడు ఎవరి వెంటా పడడని మనం నమ్మాలి కాబట్టి. ఆ అమ్మాయి ఈ ఇంటిని వెతుక్కుంటూ రాదు, పొరపాటున తగులుకుంటుంది. ఆయన హోదాకి సరిపోయిన ఇంకో స్త్రీ కథలో తప్పకుండా ఉంటుంది, ఆవిడకి పిల్లలంటే పడదు. ఇలా పోలిక పెట్టగానే మన అమ్మాయి ప్రేమ ఆస్తి కోసం కాదని తేలిపోతుంది. ఈ రెండో స్త్రీ పట్ల రచయితలు చాలాసార్లు అన్యాయంగా ఉంటారని నా అభిప్రాయం. పిల్లలతో ఎలా మాట్లాడాలో తెలియకపోవడం అంత పెద్ద నేరమేమీ కాదు.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. పాత ఇంగ్లండ్ ఇళ్ళల్లో పిల్లల్ని చూసుకునేవాళ్ళు రెండు రకాలు. స్నానం, తిండి, నిద్ర చూసేది నర్సు. ఆమెనే తర్వాత నానీ అన్నారు. చదువు, సంగీతం, మర్యాదలు నేర్పేది గవర్నెస్. నర్సు పేదింటి నుంచి వచ్చేది. గవర్నెస్ మాత్రం చదువుకున్న కుటుంబంలో పుట్టి, డబ్బు లేక ఉద్యోగానికి వచ్చిన అమ్మాయి. మాటతీరులో, చదువులో యజమానులకి తీసిపోదు, కానీ జీతగత్తె. అందుకే నౌకర్లతో కలిసి భోంచేయలేదు, అతిథుల బల్ల దగ్గరా చోటుండదు. చాలా ఇళ్ళల్లో ఒక్కతే తన గదిలో తినేది. ఇలా ఎటూ కాని మనుషులు ఎంతమంది ఉండేవారంటే, వయసు మళ్ళి పని దొరకని గవర్నెస్‌లని ఆదుకోవడానికి 1840లలో లండన్‌లో ప్రత్యేకంగా ఒక సంస్థే పెట్టాల్సి వచ్చింది. ప్రేమకథలు ముందు నర్సు మీద కాకుండా గవర్నెస్ మీదే ఎక్కువగా రావడానికి కారణం ఇదే. సగం దూరం ఆమె అప్పటికే నడిచి వచ్చేసింది.

నానీ పని గౌరవమైన వృత్తిగా మారడానికి ఇంకా టైమ్ పట్టింది. 1892లో ఎమిలీ వార్డ్ లండన్‌లో నార్లండ్ అనే శిక్షణ సంస్థ పెట్టాక, పిల్లల పెంపకం నేర్చుకుని చేయాల్సిన పని అన్న ఆలోచన బలపడింది. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది.

ఇంగ్లిష్ రచయిత్రి షార్లెట్ బ్రాంటీ స్వయంగా గవర్నెస్‌గా పనిచేసింది. 1841లో ఒక ఇంట్లో ఆమె జీతం ఏడాదికి 20 పౌండ్లు. పేరుకే ఇరవై. బట్టలు ఉతికినందుకు అందులోంచి కోత పెడితే చేతికి వచ్చేది 16. ఆ కోత సంగతి ఆమె ఒక ఉత్తరంలో రాసింది. ఆరేళ్ళ తర్వాత, 1847లో ఆమె ‘జేన్ ఐర్’ నవల వచ్చింది. అది కామెడీ కాదు, చీకటి నిండిన కథ. అయినా ఆయా ప్రేమకథకి వెన్నెముక అదే. అందులో గవర్నెస్ జేన్ జీతం ఎంతో మనకి అంకెతో సహా తెలుస్తుంది: ఏడాదికి 30 పౌండ్లు. నెల నెలా లెక్క చూసుకున్న మనిషే అలా రాయగలదు.

ఆ నవలలో ఒక సన్నివేశం దగ్గర కాసేపు ఆగాలి. యజమాని రోచెస్టర్ జేన్‌ని పెళ్ళి చేసుకుంటానన్నాడు, ఆమె ఒప్పుకుంది. ఆయన ఆమెని బండిలో పట్నానికి, బట్టల కొట్టుకి తీసుకెళ్తాడు. మెరిసే పట్టుబట్టలు కొనిపెట్టాలని చూస్తాడు, తర్వాత నగల కొట్టు. ఏ ప్రేమకథలోనైనా ఇది సంబరంగా చూపించే ఘట్టం. అమ్మాయి అద్దం ముందు నిలబడి మురిసిపోయే ఘట్టం. జేన్‌కి మాత్రం ఆయన ఒక్కొక్కటీ కొంటున్నకొద్దీ చెంపలు వేడెక్కుతాయి, తనని చిన్నబుచ్చుతున్నట్టు ఉంటుంది. తిరుగు దారిలో ఆయనతో తేల్చి చెప్తుంది: పెళ్ళయ్యాక కూడా పాప అడెల్‌కి గవర్నెస్‌గానే ఉంటాను, నా తిండీ బసా ఆ పనితోనే సంపాదించుకుంటాను, ఆ ముప్ఫై పౌండ్లూ నాకు ఇవ్వాలి, నా బట్టలు ఆ డబ్బుతో నేనే కొనుక్కుంటాను. మీరు నాకు ఇవ్వాల్సింది మీ ఆదరణ ఒక్కటే, నేనూ అది తిరిగి ఇస్తే బాకీ తీరిపోతుంది అంటుంది.

పెళ్ళికూతురు జీతం అడుగుతోంది! తన కాళ్ళ కింద నేల తనదే అయి ఉండాలని అడుగుతోంది. ఇంకా బాగుండే సంగతి ఏమిటంటే, కథ మలుపు తిరిగేది కూడా ఈ కొట్టు దగ్గరే. ఆ ఇబ్బందిలోనే ఆమెకి మదీరా దీవిలో ఉన్న చిన్నాన్న గుర్తొస్తాడు. నాకంటూ ఎప్పటికైనా కాస్త ఆస్తి వస్తుందనే ఆశ ఉంటే ఇప్పుడు ఈయన చేత పోషించబడడం ఇంత బాధగా ఉండదు కదా అనుకుని, పెళ్ళి కబురు చెప్తూ ఆయనకి ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరం వల్లే రోచెస్టర్‌కి అప్పటికే భార్య ఉందన్న నిజం బయటపడి, చర్చిలో పెళ్ళి ఆగిపోతుంది. సొంత డబ్బు కోసం పడిన ఆరాటం ఆమెని ఒక మోసం నుంచి కాపాడింది. జేన్ ఇరవై షిల్లింగులతో తెల్లవారుజామున ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. తర్వాత చిన్నాన్న ఆస్తి 20,000 పౌండ్లు చేతికొస్తే తనూ ముగ్గురు బంధువులూ సమానంగా పంచుకునేలా చేసి, తన వాటా 5,000తో తిరిగి వస్తుంది. ఇప్పుడు ఆమె ఎవరి జీతగత్తే కాదు. ఇప్పుడు చెప్పే ‘సరే’కి ఎవరూ వంక పెట్టలేరు.

బ్రాంటీ వేసిన ఈ దారి తర్వాత వచ్చిన కథలకి పెద్దబాట అయింది. ప్రేమ బయటపడే ముందు ఆమె ఉద్యోగం వదలాలి, కనీసం గడప దాటి వెళ్ళి తన ఇష్టంతో తిరిగి రావాలి. 1965లో వచ్చిన ‘ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ సినిమాని ఈ కంటితో చూడండి. మరియా కాన్వెంటు, అంటే క్రైస్తవ సన్యాసినుల మఠం, నుంచి ఒక కెప్టెన్ ఇంటికి గవర్నెస్‌గా వచ్చిన అమ్మాయి. ఒకరోజు ఆ ఇంట్లోంచి చెప్పకుండా మళ్ళీ కాన్వెంటుకి వెళ్ళిపోతుంది. తిరిగి వచ్చాక కెప్టెన్‌కి పెళ్ళి కుదిరిందని తెలిసి, ఇంకో గవర్నెస్ దొరికేదాకా మాత్రమే ఉంటానంటుంది. అంటే ఆమె అప్పటికే పని మానేసినట్టే. కెప్టెన్ కూడా ముందు ఆ సంబంధం వదులుకుని, ఆ తర్వాతే మరియా ముందు మనసు విప్పుతాడు. ఆ పెళ్ళికూతురు కాబోయిన ఆవిడ కూడా ఏడుపూ గొడవా లేకుండా, హుందాగా తప్పుకుంటుంది. రెండో స్త్రీకి అంత మర్యాద దక్కిన కథలు తక్కువ.

అదే సినిమాలో నాకు బాగా నచ్చేది కర్టెన్ల సంగతి. ఏడుగురు పిల్లలకీ ఆడుకోవడానికి వేరే బట్టలు లేవు, యూనిఫాంలే ఉన్నాయి. బట్ట కొనడానికి మరియాకి అనుమతి లేదు. ఆమె గదికి కొత్త కర్టెన్లు వస్తున్నాయి కాబట్టి పాతవి తీసి వాటితోనే పిల్లలకి బట్టలు కుట్టేస్తుంది. డబ్బున్న ఇంట్లో చాలా వస్తువులు చూడ్డానికి ఉంటాయి, తాకడానికి కాదు. ఆ వస్తువుల్నే ఆయా పిల్లల వాడకంలోకి తెస్తుంది. ఈ కథల్లో నవ్వు ఎక్కువగా ఇక్కడి నుంచే పుడుతుంది. ఇంటికి ఒక రూలు ఉంటుంది, ఆమెకి ఆ రూలు తెలియదు, లేదా తెలిసీ అర్థంలేనిదని తోస్తుంది. కెప్టెన్ ఊదే ఒక్కో ఈలకి ఒక్కో పిల్లాడు పరిగెత్తుకొచ్చే పద్ధతిని మరియా ఒప్పుకోదు. పిల్లలకి పేర్లున్నాయి కదా అంటుంది. మనం నవ్వుతాం. ఆ నవ్వులోనే ఆ ఇల్లు ఎంత బిగుసుకుపోయి ఉందో మనకి అర్థమవుతుంది.

టీవీకొచ్చేసరికి ఇంకో ఇబ్బంది. సినిమా మూడు గంటల్లో పెళ్ళి చేసేయగలదు. సీరియల్‌కి ఆ పెళ్ళే శత్రువు. అమెరికాలో సీబీఎస్ చానల్‌లో 1993 నుంచి 1999 దాకా వచ్చిన ‘ద నానీ’ అనే సిట్‌కామ్ ఆరు సీజన్లు, 146 ఎపిసోడ్లు నడిచింది. న్యూయార్క్‌లో క్వీన్స్ ప్రాంతం నుంచి వచ్చిన, గట్టి గొంతు, మెరిసే దుస్తుల ఫ్రాన్ ఫైన్ సౌందర్య సాధనాలు అమ్ముకుంటూ ఒక నాటక నిర్మాత ఇంటి తలుపు తడుతుంది. లోపల ముగ్గురు పిల్లలు, ఒక బట్లర్. ఆయా కోసం చూస్తున్న ఇల్లది, ఆమెనే పెట్టుకుంటారు. మూడో సీజన్ చివర్లో విమానం కుదుపుల్లో భయపడి ఆయన ప్రేమిస్తున్నానని అనేస్తాడు. నాలుగో సీజన్ మొదట్లో ఆ మాట వెనక్కి తీసుకుంటాడు. పెళ్ళి అయిదో సీజన్ ఆఖర్న. తర్వాత ఇంకొక్క సీజన్‌తో కార్యక్రమమే అయిపోయింది. సాగదీశారని చాలామంది అంటారు. నాకు ఇంకోలా అనిపిస్తుంది. ఆ అయిదేళ్ళూ ఫ్రాన్ ఆయన ముఖం మీదే మాట్లాడుతుంది, వెక్కిరిస్తుంది, కావాలంటే అలుగుతుంది. యజమానితో అంత చనువుగా పోట్లాడగలిగిన మనిషి భయపడి ఒప్పుకుందని ఎవరూ అనుకోరు. జేన్‌కి ఆస్తి చేసిన పనిని ఇక్కడ హాస్యం చేసింది.

ఇప్పటిదాకా పెద్దవాళ్ళ గురించే మాట్లాడాను గానీ, కుటుంబ కామెడీలో అసలు ప్రేమకథ పిల్లలది. వాళ్ళు ఆయాను మొదట ఎందుకు ఏడిపిస్తారు? ఈమె కూడా వెళ్ళిపోతుందని వాళ్ళకి తెలుసు. వెళ్ళిపోయే మనిషిని ముందే తోలేస్తే బాధ తక్కువ. కప్పని జేబులో వేయడం, కుర్చీలో పైన్‌కాయ పెట్టడం, అన్నీ ‘నువ్వు నిజంగా ఉంటావా?’ అని అడగడమే. అందుకే వీటిలో పెళ్ళి పిల్లల వైపు నుంచి చూస్తే శృంగారం కాదు, భరోసా. ఇక ఈమె వెళ్ళదు.

ఈ భయం ఎంత నిజమో చెప్పడానికి ఒక్క మనిషి చాలు. పిల్లలకీ పెంచినవాళ్ళకీ మధ్య బంధం గురించి ఇరవయ్యో శతాబ్దంలో అందరికంటే గట్టిగా చెప్పిన మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ. 1907లో లండన్‌లో సంపన్న కుటుంబంలో పుట్టాడు. తల్లి రోజుకి ఒక గంట, సాయంత్రం టీ తర్వాత మాత్రమే పిల్లల్ని చూసేది. అప్పటి పెద్దింటి పద్ధతి అది. అతన్ని నిజంగా పెంచింది ఒక ఆయా. అతనికి నాలుగేళ్ళు నిండబోతుండగా ఆమె పని మానేసి వెళ్ళిపోయింది. అది తల్లిని పోగొట్టుకున్నంత బాధ అని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం తల్లి సంరక్షణ, పిల్లల మానసిక ఆరోగ్యం మీద ఆయన రాసిన నివేదిక ఎన్నో దేశాల్లో పిల్లల ఆసుపత్రుల, అనాథాశ్రమాల తీరు మారడానికి దోహదం చేసింది. ఒక ఆయా పని మానేసి వెళ్ళిన రోజు ఒక పిల్లాడి మనసులో అంత దూరం నడిచింది.

పెళ్ళి లేకుండా కూడా ఈ ముడిని నిజాయితీగా విప్పవచ్చు. 1934లో పీ.ఎల్. ట్రావెర్స్ అనే రచయిత్రి పిల్లల పుస్తకంలో సృష్టించిన మేరీ పాపిన్స్ అనే ఆయా గాలి మారేదాకానే ఉంటానని మొదటే చెప్తుంది, గాలి మారగానే వెళ్ళిపోతుంది. ఆ ఇంట్లో తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు. వాళ్ళ చోటు ఎవరూ తీసుకోనక్కర్లేదు. ఆయాల్లో చాలామంది జీవితం నిజానికి ఇలాగే ఉంటుంది. పిల్లలు బడికి వెళ్ళే వయసు రాగానే ఆమె పని అయిపోతుంది. ఇంకో ఇంట్లో ఇంకో ఉయ్యాల.

బయటి ప్రపంచంలో ‘నువ్వు మా ఇంటి మనిషివే’ అన్న మాటకి ఇంకో వాడకం ఉంది. ఇంటి మనిషివి కదా, రాత్రి పాప ఏడిస్తే లేవవా? ఇంటి మనిషివి కదా, ఆదివారం సెలవెందుకు? సినిమాలో ఈ మాట బహుమానం, బతుకులో చాలాసార్లు ఓవర్‌టైమ్ ఎగ్గొట్టే దారి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు 7.56 కోట్ల మంది. ప్రతి నలుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు. దాదాపు 81 శాతం మందికి ఒప్పంద పత్రం, సామాజిక భద్రత లాంటి రక్షణ ఏదీ లేదు. అదే సంస్థ 2011లో తెచ్చిన 189వ ఒప్పందం వారానికి వరసగా 24 గంటల విశ్రాంతి ఉండాలంటుంది. సెలవు వేళల్లో ఆ ఇంట్లోనే ఉండమని బలవంతం చేయకూడదంటుంది. పాస్‌పోర్టు పనిచేసేవాళ్ళ దగ్గరే ఉండాలంటుంది. ఇంత చిన్న విషయాలు ఒక ప్రపంచ ఒప్పందంలో రాయాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోవచ్చు. న్యూయార్క్ రాష్ట్రం ఇంటిపనివాళ్ళ హక్కుల చట్టం చేసింది 2010లో. అందులో లైంగిక వేధింపుల నుంచి రక్షణ కూడా ఉంది. పమేలా బెదిరిపోయిన 270 ఏళ్ళకి.

ఇంకొకటి. ఈ కామెడీల్లో ఆయాకి సాధారణంగా సొంత పిల్లలుండరు. నిజంలో ఉంటారు. ఎక్కడో ఇంకో దేశంలో తన పిల్లల్ని అమ్మమ్మకో, జీతానికి ఇంకో అమ్మాయికో అప్పగించి వచ్చి ఈ ఇంటి పిల్లల్ని పెంచుతుంటుంది. ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 2000లో దీన్ని సంరక్షణ గొలుసు అన్నారు. ఆ గొలుసు చివరన ఉన్న పిల్లాడి దగ్గరికి ఏ ఆయా సూట్‌కేసుతో రాదు. ఆ పిల్లాడిని కూడా కథలోకి తెచ్చి, అయినా నవ్వించగలిగే కామెడీ కోసం నేను ఎదురుచూస్తున్నాను.

‘ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్’లోని మరియా అసలు కథ చెప్పి ఆపుతాను. ఆమె నిజంగా ఉంది. 1926లో కెప్టెన్ గెయోర్గ్ ఫాన్ ట్రాప్ ఇంటికి వచ్చింది, ఏడుగురికీ గవర్నెస్‌గా కాదు, జ్వరం వచ్చి నీరసపడిన ఒక అమ్మాయికి చదువు చెప్పడానికి. 1927 నవంబరులో పెళ్ళి. ఆమెకి 22, ఆయనకి 47. పెళ్ళినాటికి తనకి ఆయన మీద ప్రేమ లేదని, ఇష్టపడింది పిల్లల్నేనని, ఆయన మీద ప్రేమ తర్వాత పుట్టిందని ఆమె తన ఆత్మకథలో దాచకుండా రాసుకుంది. సినిమాలో చూపినంత కఠినమైన మనిషి కూడా కాదాయన, నెమ్మదస్తుడు. 1930ల మాంద్యంలో వాళ్ళ డబ్బున్న బ్యాంకు కూలిపోయింది. నౌకర్లలో చాలామందిని పంపించేశారు. కుటుంబమంతా పై అంతస్తుకి మారి, కింది గదులు అద్దెకిచ్చారు. అంతవరకూ సరదాకి పాడుకున్న పాటలే తర్వాత జీవనాధారం అయ్యాయి. ఒకప్పుడు ఆ ఇంట్లో జీతానికి చేరిన మరియా ముందుండి వాళ్ళ కచేరీలు నడిపించింది, పిల్లలు పాడారు, వచ్చిన డబ్బుతో అందరూ తిన్నారు.